30 ఏళ్ళు బస్సు తోలిన మనిషికి ఏం చూపించాలి? (గుళ్ళు, మాల్స్ వద్దంటున్నాడు)

మదనపల్లె_అబ్బాయి • డిసెంబరు 6, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. రిటైరై రెండేళ్ళయింది. 30 ఏళ్ళ సర్వీసులో సగానికి పైగా మదనపల్లె–బెంగళూరు రూటే తోలినాడు. అయినా బెంగళూరులో ఆయన చూసింది మెజిస్టిక్ బస్టాండు, దాని వెనక టీ అంగడి. అంతే. పొద్దున దించేసి, నిద్రపోయి, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకుని వెళ్ళిపోవడమే కదా.

ఇప్పుడు మార్చి దాకా నా దగ్గరే ఉంటాడు. గుడికి పోదామా అంటే, "స్పెషల్ బస్సులేసుకుని ఎన్ని గుళ్ళకు తోలినానో నీకు తెల్దు. దేవుడు నన్ను చూసి చూసి విసిగిపోయింటాడు" అన్నాడు. మాల్‌కు తీసుకెళ్తే అరగంట ఎస్కలేటరు దగ్గరే నిలబడి అది ఎట్లా తిరుగుతుందో చూసి, ఇంటికి పోదాం పద అన్నాడు. తాజ్‌మహల్ టీవీలో చాలంట. "ఎవరూ చూపించనిది ఏదన్నా ఉంటే చెప్పు" అని నా మీద పెట్టినాడు.

బెంగళూరు చుట్టుపక్కల శని, ఆదివారాల్లో తిరగొచ్చు. ఫిబ్రవరిలో నాకు 10 రోజులు సెలవు. అప్పుడు దేశంలో ఎక్కడికైనా సరే. మోకాళ్ళ నొప్పి ఉంది కాబట్టి కొండలు, వందల మెట్లు వద్దు. చదువు పదో తరగతి. యంత్రమేదైనా కనిపిస్తే మాత్రం కదలడు. మీకు తెలిసిన వింత చోట్లు చెప్పండి.

బన్నేరుఘట్ట_బాబాయ్ • డిసెంబరు 6, రాత్రి 10:31

ఇస్కాన్, బుల్ టెంపుల్, రాగిగుడ్డ. ఒక్క రోజులో అయిపోతుంది.

మదనపల్లె_అబ్బాయి • డిసెంబరు 6, రాత్రి 10:33

బాబాయ్, బ్రాకెట్లో ఏం రాశానో ఒకసారి చూడు.

శ్రీనివాసపురం_అక్క • డిసెంబరు 7, ఉదయం 6:50

తమ్ముడూ, మీ నాన్న బస్సు తోలిన దారికి కాస్త పక్కనే ఉంది, కోలారు బంగారు గనుల ఊరు. ఒక్కసారన్నా దిగినాడేమో అడుగు.

మా తాత అక్కడ గనిలో పనిచేసినాడు కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తా, ఏమనుకోవద్దు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వాళ్ళు వచ్చి పెద్ద ఎత్తున తవ్వకం మొదలుపెట్టినారు. చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. నిలువునా 3 కిలోమీటర్లు! పైన చలికాలం, లోపల పొయ్యి. మా తాత ఇంటికి వచ్చినాక కూడా గంటసేపు చొక్కా వేసుకునేవాడు కాదంట.

ఈ గనులకు కరెంటు కోసమే శివనసముద్రంలో జలవిద్యుత్తు కేంద్రం కట్టినారు. దాదాపు 150 కి.మీ. లైను లాగి 1902లో ఇక్కడికి కరెంటు తెచ్చినారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది 1905లో. అంటే ఈ రాజధాని కన్నా మా గనులే ముందు! ఇంకొకటి, అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల గాలిలో పుట్టే న్యూట్రినోలనే అతి సూక్ష్మమైన కణాలను ప్రపంచంలో తొలిసారిగా పట్టుకున్న చోట్లలో ఇదొకటి. 1965లో, ఈ గని లోపలే. పైన అంత మందం రాయి ఉంటే వేరే కణాలు దిగలేవు, న్యూట్రినో ఒక్కటే దూరుకుని వస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు దీని కోసం వచ్చినారు.

2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. ఇప్పుడు లోపలికి పోనివ్వరు, ముందే చెప్తున్నా. కానీ బంగారం తీసేయగా మిగిలిన పిండి మట్టి గుట్టలు గుట్టలుగా ఊరి చుట్టూ ఉంటుంది. గడ్డి కూడా సరిగా మొలవదు. సైనైడ్ వాడిన మట్టి, దాంట్లోకి దిగొద్దు. రోడ్డు మీద నుంచే చూడండి. పాత బంగళాలు, గని మీది ఇనప చట్రాలు కూడా రోడ్డు మీదికే కనిపిస్తాయి.

కారు వద్దు. బంగారుపేట దగ్గర మెయిన్ లైను వదిలి మారికుప్పం దాకా వెళ్ళే రైలెక్కండి. కోరమాండల్, ఊరిగాం, చాంపియన్, చివరికి మారికుప్పం. స్టేషన్ల పేర్లు చాలావరకు గనులవే. గనులు మూతపడినాక ఊళ్ళో సగం మంది ఆ రైల్లోనే రోజూ బెంగళూరుకు పనికొస్తున్నారు. ఆ రైలే ఒక చూడదగ్గ చోటు, నన్నడిగితే.

రాళ్ళపిచ్చి • డిసెంబరు 7, ఉదయం 9:05

అక్క చెప్పాక ఇంకేం చెప్పాలి గానీ, ఊరు దాటకుండానే ఒకటుంది. లాల్‌బాగ్.

ఆగండి, పూలు కాదు. గాజు ఇల్లు కూడా కాదు (అది 1889లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను చూసి కట్టింది, అదీ బాగుంటుంది). మధ్యలో కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఉంది చూశారా, అందరూ ఎక్కి సెల్ఫీలు దిగేది, వేరుశెనక్కాయల పొట్టు పోసేది. దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు. హిమాలయాలు దీని ముందు నిన్నగాక మొన్న పుట్టిన పసిబిడ్డలు. ఆ బండ గట్టిపడేనాటికి భూమి మీద చెట్టు లేదు, చేప లేదు. భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించి పక్కన ఒక పలక కూడా పెట్టింది. చదివేవాడే లేడు.

ఏటవాలుగా ఉంటుంది, మెట్లు లేవు, మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు. పొద్దున 7 లోపు వెళ్ళండి.

ఫిబ్రవరిలో మహారాష్ట్ర వైపు వెళ్తే లోనార్ చూడండి. ఉల్క పడి ఏర్పడిన గుంత, వెడల్పు సుమారు 1.8 కి.మీ., లోపల ఉప్పు నీటి చెరువు. 2020 జూన్‌లో నీళ్ళు గులాబీ రంగుకు తిరిగితే దేశమంతా ఏదో అయిపోతోందనుకుంది. ఉప్పు శాతం పెరిగినప్పుడు పెరిగే సూక్ష్మజీవుల పని అది. దిగాలంటే మీ నాన్నకు కష్టం, అంచు మీద నుంచి చూస్తే చాలు.

హెబ్బాళ_హరి • డిసెంబరు 7, మధ్యాహ్నం 1:40

యంత్రాలంటే ఇష్టమన్నావు కాబట్టి రెండు. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం. పిల్లల మ్యూజియం అని పెద్దవాళ్ళు పోరు. 1962 నుంచి ఉంది. ఇంజిన్ల హాలులో పాత ఆవిరి యంత్రాలను కోసి లోపల ఏముందో చూపిస్తారు. రైట్ సోదరుల విమానానికి అసలు కొలతలతో చేసిన నమూనా కూడా ఉంది.

రెండోది హెచ్‌ఏఎల్ వారి విమానాల మ్యూజియం. అక్కడ మారుత్ అనే విమానం ముందు నిలబెట్టు. మన దేశంలో రూపుదిద్దిన తొలి జెట్ యుద్ధవిమానం, 1961లో ఎగిరింది. దాన్ని డిజైన్ చేసింది కుర్ట్ టాంక్. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీకి ఫోకె-వుల్ఫ్ విమానాలు చేసిపెట్టిన ఆ టాంకే. యుద్ధం ఓడిపోయి అర్జెంటీనా పోయి, అక్కడ నుంచి మన బెంగళూరు వచ్చాడు. అరటి తోటల మధ్య ఊరు, హిట్లర్ కాలం నాటి ఇంజినీరు! ఎవరైనా కథ రాస్తే నమ్మం.

బుల్లెట్_350 • డిసెంబరు 7, రాత్రి 11:20

మీరంతా సైన్సు టీచర్లలా ఉన్నారు. వింత అంటే వింతలా ఉండాలి బాస్. రాజస్థాన్ తీసుకెళ్ళు.

ఒకటి, భాన్‌గఢ్ కోట. దయ్యాల కోట. సూర్యాస్తమయం తర్వాత లోపలికి రాకూడదని పురావస్తు శాఖే బోర్డు పెట్టింది. గవర్నమెంటే ఒప్పుకుందంటే ఇంకేం కావాలి?

రెండు, బికనీర్ దగ్గర దేశ్‌నోక్‌లో కర్ణీమాత గుడి. వేల ఎలుకలు. కాళ్ళ మీద నుంచి పరిగెత్తుతాయి. అవి తాగిన పాలనే ప్రసాదంగా తీసుకుంటారు. తెల్ల ఎలుక కనిపిస్తే అదృష్టం.

మూడు, నా పేరు చూస్తే తెలుస్తుంది. పాలీ దగ్గర ఓం బన్నా గుడి. దేవుడి స్థానంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. 1988లో ఓం సింగ్ రాథోడ్ అనే కుర్రాడు ఆ బండి మీద వెళ్తూ చెట్టుకు గుద్ది చనిపోయాడు. పోలీసులు బండిని స్టేషనుకు తీసుకుపోతే తెల్లారేసరికి మళ్ళీ ప్రమాదం జరిగిన చోటే ఉందంట. పెట్రోలు తీసేశారు, గొలుసు కట్టారు, అయినా అంతే. ఇప్పుడది అద్దాల పెట్టెలో ఉంది, పూలు, కొబ్బరికాయలు, మందు సీసాలు కూడా. దారిలో వెళ్ళే ప్రతి డ్రైవరూ ఆగి దండం పెట్టుకుంటాడు. మీ నాన్న డ్రైవరు కాబట్టి ఇది ఆయన గుడే!

నిజం_నిష్ఠూరం • డిసెంబరు 8, ఉదయం 8:15

భాన్‌గఢ్ బోర్డు గురించి ఎన్నిసార్లు చెప్పాలి. దేశంలో చాలా రక్షిత కట్టడాలు సాయంత్రానికి మూసేస్తారు. గోల్కొండకు రాత్రి 10 గంటలకు వెళ్తే వాచ్‌మన్ కుర్చీ వేసి కూర్చోబెడతాడా? అక్కడ దయ్యం లేదు, డ్యూటీ టైము ఉంది. పైగా ఆ శిథిలాలు నిజంగా బాగుంటాయి. 16వ శతాబ్దపు ఊరు, బజారు వీధి, దుకాణాల పునాదులు అన్నీ వరుసగా కనిపిస్తాయి. దయ్యం పేరు చెప్పి మనం వాటిని చూడటం మానేశాం.

లేపాక్షిలో కూడా అంతే. అందరూ వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి, వీడియో తీసి, వెనక్కి తిరుగుతారు. ఒక్కడు తల పైకెత్తడు. పైకప్పు మీద విజయనగర కాలపు చిత్రాలున్నాయి. ఆ చీరల అంచులు చూడండి, మన ధర్మవరం మగ్గం మీద ఈ రోజుకీ అలాంటివే. ఇంకా ఆ పూర్తి కాని కల్యాణ మంటపం, గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్ళు పెరికి కొట్టిన నెత్తురంటూ చూపించే గోడ మీది ఎర్ర మరకలు. కథ నమ్మినా నమ్మకపోయినా, మండపం సగంలో ఆగిపోయిన మాట నిజం. ఆ సగం పనిలోనే శిల్పులు రాయిని ఎలా మలిచేవారో తెలుస్తుంది.

బుల్లెట్_350 • డిసెంబరు 8, ఉదయం 8:40

సార్, సెలవుల్లో సరదాగా దయ్యం చూద్దామంటే మీరు పరీక్ష పెట్టారు. ఓం బన్నా మీద కూడా క్లాసు పీకుతారా?

నిజం_నిష్ఠూరం • డిసెంబరు 8, ఉదయం 8:52

పీకను. దాని గురించి నాకు గౌరవమే. ప్రమాదాలు జరిగే రోడ్డు పక్కన ప్రతి బండీ స్లో అవుతోందంటే స్పీడ్ బ్రేకరు చేయలేని పని ఆ బుల్లెట్ చేస్తోంది.

నిర్వాహకుడు • డిసెంబరు 8, ఉదయం 9:30

ఇద్దరూ చక్కగా రాజీపడ్డారు కాబట్టి ఏమీ తొలగించడం లేదు. దయ్యాల మీద ఇంకా చర్చ కావాలంటే వేరే శీర్షిక తెరవండి.

పాతమద్రాసు • డిసెంబరు 8, సాయంత్రం 5:10

చెన్నైలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళం. ఒక రాత్రి రైలే కదా, ఇటు కూడా రండి. మెరీనా చూసి వెళ్ళిపోయేవాళ్ళే అందరూ. ఆ మెరీనా ఎదురుగానే ఒక గుండ్రటి భవనం ఉంటుంది. ఇప్పుడు వివేకానందర్ ఇల్లం. పాత పేరు ఐస్ హౌస్.

ఇది 1842లో ఐసు దాచడానికి కట్టిన గోదాము. ఐసు ఎక్కడ నుంచి? అమెరికా నుంచి! ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి చలికాలంలో చెరువులు గడ్డకడితే ఆ గడ్డలు కోయించి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేయించి మద్రాసుకు పంపేవాడు. దారిలో కొంత కరిగిపోగా మిగిలింది ఇక్కడ దొరల గ్లాసుల్లో పడేది. మెషిన్ల మీద ఐసు చేయడం వచ్చాక వ్యాపారం చచ్చింది. తర్వాత ఆ ఇల్లు చేతులు మారింది. 1897లో వివేకానందుడు విదేశాల నుంచి తిరిగొచ్చినప్పుడు ఇక్కడే బస చేశాడు. మీ నాన్నకు ఇందులో నచ్చేది సరుకు రవాణా సంగతే అనుకుంటా.

పరంగిమల (సెయింట్ థామస్ మౌంట్) మీదికి కారు వెళ్తుంది, మెట్లు ఎక్కక్కర్లేదు. 1802 ఏప్రిల్ 10న లాంబ్టన్ అనే అధికారి ఈ కొండ దగ్గర గొలుసు పరిచి దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. మొదటి గీత దాదాపు 12 కి.మీ., కొలవడానికి 57 రోజులు పట్టింది. ఆ కొలతల వరసే పెరిగి పెరిగి హిమాలయాల దాకా పోయింది. ఇప్పుడు ఫోన్‌లో మ్యాపు చూసి "200 మీటర్లలో కుడివైపు" అంటుందే, దాని తాత ఇక్కడ పుట్టాడు.

ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి గది తప్పక చూడండి. మన ఉమ్మడి గుంటూరు జిల్లా అమరావతి నుంచి వచ్చిన సున్నపురాతి శిల్పాలు. కొన్ని లండన్ పోయాయి, కొన్ని ఇక్కడికొచ్చాయి. నేను ఎప్పుడు వెళ్ళినా ఆ గదిలో నాతో పాటు ఒకరో ఇద్దరో ఉంటారు. ఒకసారి కాలేజీ పిల్లలు కనిపిస్తే ఆనందపడ్డాను, తీరా చూస్తే ఏసీ కోసం వెతుకుతున్నారు.

చివరగా, కొంచెం దూరమే, తిరువయ్యారు. త్యాగరాజు సమాధి అందరికీ తెలుసు. దానికి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న ఒక స్త్రీ విగ్రహం ఉంటుంది. ఆమె బెంగళూరు నాగరత్నమ్మ. పాడుబడ్డ సమాధి మీద గుడి కట్టించింది ఆమే, తన నగలూ డబ్బూ పెట్టి. ముద్దుపళని అనే పాతకాలపు కవయిత్రి రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని 1910లో పూర్తిగా అచ్చు వేయించి గొడవలు పడింది కూడా ఆమే. తెలుగువాళ్ళం ఆరాధనకు వెళ్ళి పంచరత్నాలు విని, ఆమెను దాటుకుంటూ బయటికొచ్చేస్తాం. గుళ్ళు వద్దన్నారు గనుక దీన్ని గుడి కింద లెక్కేయకండి.

కదిరి_మల్లె • డిసెంబరు 8, రాత్రి 9:45

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది ఈ చర్చ. మదనపల్లె మనిషికి తిమ్మమ్మ మర్రిమాను చూపించకుండా జైపూరు పోతారా? కదిరికి దగ్గరలోనే. 1989లో గిన్నిస్ వాళ్ళు ప్రపంచంలోనే పెద్ద మర్రిగా ఎక్కించారు. దాదాపు 5 ఎకరాల నీడ. అసలు మాను ఏదో, ఊడ ఏదో చెప్పలేం.

మదనపల్లె_అబ్బాయి • డిసెంబరు 8, రాత్రి 9:58

అక్కా, ఆయన దాని కింద బస్సు ఆపి అన్నం తిన్నాడంట. "అది చెట్టు కాదు, పల్లె" అన్నాడు. బెలుం గుహలు కూడా అడిగినా, మోకాళ్ళ భయానికి వద్దన్నాడు. లోపల 1.5 కి.మీ. దాకా నడవనిస్తారని తెలిసి నేను ఒక్కడినే పోతా ఎప్పుడైనా.

జేపీనగర్_జానకి • డిసెంబరు 10, ఉదయం 11:00

ఊళ్ళో ఇంకో మూడు చెప్తాను, ఎవరూ అనలేదు.

మల్లేశ్వరం దగ్గర చౌడయ్య మెమోరియల్ హాలు. పైనుంచి చూస్తే ఫిడేలు ఆకారం. కేవలం రంగులేసిన బొమ్మ కాదు, భవనమే ఫిడేలు. తంతులు, బిరడాలు, కమాను అన్నీ సిమెంటులో ఉంటాయి. ఏడు తంతుల ఫిడేలు తయారు చేసుకుని వాయించిన టి. చౌడయ్య జ్ఞాపకంగా 1980లో కట్టారు. వెనకాల బెంచీల దాకా వినపడాలని చౌడయ్య తంతులు పెంచుకున్నారని మా సంగీతం టీచరు చెప్పేవారు. కచేరీ ఉన్న రోజు వెళ్ళండి, ఊరికే బయట నుంచి చూస్తే ఏదో గోడలా కనిపిస్తుంది.

ఫ్రీడమ్ పార్కు. ఒకప్పటి సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో వాజపేయి, ఆడ్వాణీ ఇక్కడే ఉన్నారు. గదులు, కాపలా బురుజు అలాగే ఉంచారు. మెజిస్టిక్‌కు కూతవేటు దూరం. మీ నాన్నగారు నిద్రపోయిన చోటికి ఎంతో దూరం కాదు.

మూడోది అందరికీ పడదు. మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో మెదళ్ళ మ్యూజియం. మనుషుల అసలు మెదళ్ళు, సీసాల్లో, జబ్బు పేరుతో సహా. అడిగితే ఒక మెదడును చేతిలో పెడతారు. నేను పట్టుకున్నాను. చన్నీళ్ళలో నానిన గట్టి పనీరులా ఉంది. ఆ రాత్రి పాలక్ పనీర్ తినలేదు, అది వేరే సంగతి. వారంలో కొన్ని రోజులే తీస్తారు, ఫోన్ చేసి వెళ్ళండి.

ఢిల్లీ_నుంచి_బదిలీ • డిసెంబరు 12, రాత్రి 10:05

ఉత్తరాది ట్రిప్ గురించి. నేను 11 ఏళ్ళు అక్కడ పనిచేసి వచ్చాను. మీ నాన్నలాంటి మనిషికి ఒకే ఒక్క చోటు చెప్పమంటే చండీగఢ్ రాక్ గార్డెన్ చెప్తాను. కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

కొత్త చండీగఢ్ కడుతున్నారు, ల కార్బుజియే అనే వాస్తుశిల్పి గీసిన ప్లాను, అన్నీ తిన్నటి గీతలు. ఆ ఊరి కోసం ఎన్నో పల్లెలు కూల్చారు. పీడబ్ల్యూడీలో నేక్ చంద్ అని రోడ్ల ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. డ్యూటీ అయ్యాక సైకిలు మీద ఆ కూల్చిన ఇళ్ళ దగ్గరికి వెళ్ళి పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, సింకులు, మాడిపోయిన ఇటుకలు ఏరుకొచ్చేవాడు. సుఖ్నా చెరువు దగ్గర ఎవరూ కట్టడం చేయకూడని అడవి భూమి ఉంది. అక్కడ ఒక గుడిసె వేసుకుని 1957 నుంచి వాటితో బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. మనుషులు, కోతులు, నెమళ్ళు, సైన్యాలు. రాత్రుళ్ళు టైర్లు కాల్చి ఆ వెలుతురులో చేసేవాడంటారు. 18 ఏళ్ళు ఎవరికీ తెలియదు! 1975లో అధికారుల కంటపడింది. చట్టప్రకారం కూల్చాలి. జనం అడ్డుపడ్డారు. చివరికి 1976లో జనానికి తెరిచి, ఆయనకు జీతమిచ్చి, 50 మంది కూలీలనిచ్చి, ఇదే చేసుకో అన్నారు. ఇప్పుడు దాదాపు 40 ఎకరాలు. ఆయన 2015లో పోయారు.

గుమ్మాలు పొట్టిగా ఉంటాయి, వంగి వెళ్ళాలి. మోకాళ్ళు సరే, నడుం చూసుకోండి.

ఢిల్లీలో చాణక్యపురి రైలు మ్యూజియం. సోమవారం వెళ్ళకండి, మూత. అక్కడ పాటియాలా మోనోరైలు ఉంది. ఒక చక్రం పట్టా మీద, పక్కన పెద్ద చక్రం రోడ్డు మీద. బరువు దాదాపు అంతా పట్టా మోస్తుంది, పక్క చక్రం బండి ఒరిగిపోకుండా చూస్తుంది. 1907 నుంచి 20 ఏళ్ళు నడిచింది, కంచరగాడిదలు, ఎద్దులు కూడా లాగేవి. ఇంకో సరదా, సులభ్ వాళ్ళ టాయిలెట్ల మ్యూజియం, 1992లో బిందేశ్వర్ పాఠక్ పెట్టింది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సింహాసనం కింద మరుగుదొడ్డి ఉండేదట, దాని నమూనా చూపిస్తారు. నవ్వుతూ వెళ్తారు గానీ పాకీ పని గురించి చదివాక నవ్వు ఆగిపోతుంది.

జైపూర్‌లో జంతర్ మంతర్. సామ్రాట్ యంత్రం ఎత్తు 27 మీటర్లు. దాని నీడ నిమిషానికి 6 సెంటీమీటర్ల దాకా జరుగుతుంది. కదులుతుంటే కంటికి కనిపిస్తుంది. గైడును పెట్టుకోండి. లేకపోతే పిల్లలు జారే బల్లలు అనుకుని వచ్చేస్తారు.

ఇందిరానగర్_ఇందు • డిసెంబరు 13, ఉదయం 7:30

అన్నయ్యా, ప్యాకేజీ టూరు మాత్రం తీసుకోకు. ఒక ట్రావెల్స్ వాళ్ళు మా అత్తామామల్ని జైపూరు తీసుకెళ్ళి జంతర్ మంతర్ దగ్గర 20 నిమిషాలు, రాళ్ళ నగల షాపులో 2 గంటలు ఆపారు. మామయ్య నీడ కదలడం చూడలేదు గానీ మీటరు చదివినట్టు రేట్లన్నీ చదివొచ్చారు.

మదనపల్లె_అబ్బాయి • ఫిబ్రవరి 23, రాత్రి 9:20

క్షమించాలి, ఇన్నాళ్ళకు వస్తున్నా. చెప్పినవాటిలో సగం చూసినాం. నాన్న చెప్పింది చెప్పినట్టు రాస్తా.

లాల్‌బాగ్ బండ: చెయ్యి పెట్టి చూసి, "దీని మీద రోడ్డేస్తే గుంత పడదు" అన్నాడు. 300 కోట్ల సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత పక్కన కూర్చున్న పెద్దాయనకు ఆయనే చెప్పడం మొదలుపెట్టినాడు.

మారికుప్పం రైలు: అక్కా, నీ మాట నిజం. తిరుగు రైల్లో పక్క సీటాయన వాళ్ళ నాన్న గనిలో పనిచేసినాడంట, బెంగళూరు వచ్చే దాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, నేను నిద్రపోయినా. ఆ మట్టి గుట్టలు చూసి, "ఇంత మట్టి మోసిన లారీ ఎవరు తోలినారో" అన్నాడు. ఆయన ఆలోచన ఆ వైపే పోతుంది.

మారుత్ విమానం: చుట్టూ నాలుగుసార్లు తిరిగినాడు. చక్రాలు చిన్నవిగా ఉన్నాయని కంప్లైంటు.

రాక్ గార్డెన్: ఇక్కడ మాత్రం మేము అనుకున్నది జరగలేదు. బొమ్మల దగ్గర పెద్దగా ఆగలేదు. లోపల ఒక గోడంతా పగిలిన ప్లగ్గులు, హోల్డర్లు పెట్టి కట్టింది ఉంది, దాని దగ్గర ఆగినాడు. "సర్కారు ఉద్యోగి 18 ఏళ్ళు ఎవరికీ చెప్పకుండా ఇది చేసినాడా? ఏ ఆఫీసులోనైనా 18 రోజుల్లో మెమో వచ్చుండేది" అన్నాడు. బయటికొచ్చినాక టీ తాగుతూ, రిటైరైనాక తెచ్చుకున్న తన పాత ఇనప పెట్టె ఎక్కడుందని నన్నడిగినాడు. అందులో బోల్టులు, పాత స్పీడో మీటర్లు ఉన్నాయి. ఏం చేస్తాడో తెలీదు, అమ్మకు మాత్రం టెన్షన్ మొదలైంది.

పాటియాలా మోనోరైలు: "ఒరిగిపోకుండా ఒక చక్రం, నడవడానికి ఒక చక్రం. ఇదేదో సంసారం మాదిరి ఉంది." (అమ్మ పక్కనే ఉంది.)

జంతర్ మంతర్: గైడును పెట్టుకున్నాం. ఫోన్‌లో టైముకూ నీడ చూపించే టైముకూ తేడా వచ్చింది. నాన్న యంత్రం పాడైందన్నాడు. జైపూరు సొంత సూర్యుడి టైము మన దేశం గడియారం కన్నా వెనకుంటుందని గైడు లెక్క చేసి చూపించేదాకా ఒప్పుకోలేదు. చూపించినాక ఆ గైడుకు తన చేతి వాచీ తీసి చూపించి, 30 ఏళ్ళలో ఒక్కసారి కూడా లేటు కాలేదని చెప్పినాడు. ఏ భాషలో చెప్పినాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, ఆయన మాత్రం తల ఊపినాడు.

ఓం బన్నా: బుల్లెట్_350 అన్నా, దండం పెట్టుకున్నాడు, పూలు కొన్నాడు. కారెక్కినాక, "స్టేషన్‌లో పెట్టిన బండి పొద్దునకు రోడ్డెక్కిందంటే నైట్ డ్యూటీలో ఎవడో తోలుకొచ్చింటాడు" అన్నాడు. మరి దండం ఎందుకంటే, "ఆ పిల్లోడికి" అన్నాడు.

నిజం_నిష్ఠూరం • ఫిబ్రవరి 23, రాత్రి 9:41

ఈ వేదికలో నాకు తోడు దొరికాడు. ఆయన్ని సభ్యుడిగా చేర్పించండి.

బుల్లెట్_350 • ఫిబ్రవరి 23, రాత్రి 9:44

దండం పెట్టాడు కదా, నేనే గెలిచాను.

బీచ్‌రోడ్డు_విశాఖ • ఫిబ్రవరి 24, ఉదయం 8:00

ఇంత చర్చ జరిగి మా కుర్సురాను ఒక్కరూ అనలేదేంటండీ! వైజాగ్ బీచ్‌లో ఇసుక మీద నిజం సబ్‌మెరైను. రష్యా తయారీ, 1969లో మన నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. 91 మీటర్ల పొడుగు, లోపల నడవొచ్చు. గదికీ గదికీ మధ్య గుండ్రటి రంధ్రాల్లో నుంచి దూరాలి, అది ఒక్కటే మోకాళ్ళకు కష్టం. కానీ లోపల మీటర్లు, కవాటాలు, పైపులు చూస్తే ఆయన సాయంత్రం దాకా రాడు.

మదనపల్లె_అబ్బాయి • ఫిబ్రవరి 24, ఉదయం 8:25

చదివి వినిపించినా. ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు: ముందు అద్దం ఉండదు కదా, డ్రైవరు ఎక్కడ కూర్చుంటాడు?

బీచ్‌రోడ్డు_విశాఖ • ఫిబ్రవరి 24, ఉదయం 8:47

ముందు కాదండీ, మధ్యలో కంట్రోల్ రూములో. బయట ఏముందో కనపడదు. లోతు ఎంతో, దిక్కు ఏదో చూపించే ముళ్ళు చూసుకుంటూ, పైవాళ్ళు చెప్పింది వింటూ తోలడమే.

మదనపల్లె_అబ్బాయి • ఫిబ్రవరి 24, ఉదయం 9:10

"రాత్రిపూట పొగమంచులో మదనపల్లె ఘాటు మాదిరే" అంటున్నాడు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో లోయర్ బెర్తు దొరుకుతుందేమో చూడమంటున్నాడు. ఎవరికైనా తెలుసా, సీనియర్ సిటిజన్‌కు లోయర్ బెర్తు రావాలంటే ఎన్ని రోజుల ముందు బుక్ చేయాలి?